పిట్ట వాటా

మా చిన్నాయన చేతిసంచి విప్పితే ఇల్లంతా బోదకసువు వాసన, మా మెట్ట గడ్డి వాసన, కమ్ముకుంటుంది. కర్నూలును ఆనుకుని కల్లూరులో మేం కట్టుకున్న ఈ కొత్త ఇంట్లో బండలు తుడిచే మందు వాసన, కుక్కరు ఆవిరి, కిటికీ తీస్తే షేరు ఆటోల పొగ తప్ప వేరే వాసనకు చోటుండదు. అలాంటి ఇంట్లోకి ఆయన రెండు పంచెలు, ఒక తువ్వాలు, కంటి ఆసుపత్రి చీటీలు, వాటి అడుగున బట్టలకు పురుగు పట్టకుండా పరుచుకున్న గుప్పెడు ఎండుకసువు వేసుకుని వచ్చాడు. ఆ వాసనలో కాస్త నిమ్మతొక్క ఉంటుంది, కాస్త ఎండ ఉంటుంది, వాన కురిసి ఆరిన ఎర్రమట్టి ఉంటుంది. మా ఆయన భలే ఉందే అని రెండు పరకలు నలిపి చూసుకున్నాడు. నేను మాత్రం సంచి మూతి ముడేసి అలమర కింద పెట్టేశాను. ఆ వాసన నాకు పడదని అబద్ధం చెప్పాను.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు, పేరు లింగప్ప. ఆయన ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కుడికంట్లో పొర కమ్మి, మనిషి ముఖం అరచేతి దూరంలో ఉంటే తప్ప ఆనని స్థితి వచ్చాక, ఊరివాళ్ళు ఫోను చేస్తే నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆపరేషను బాగా జరిగింది. నెల రోజులు పూటపూటా చుక్కలు వేసింది నేనే. "శానా సేవ చేస్తాండావు పాపా" అనేవాడు, తల వెనక్కి వాల్చి కన్ను తెరిచి. నాకు యాభై దాటినా ఆయనకు నేను పాపనే. ఆ మాట విన్నప్పుడల్లా నా గురి తప్పి ఒక చుక్క చెంప మీద పడేది. ఆ ఎడమ కన్ను పోవడానికి మొదలు ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. మొన్నటిదాకా, నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడుకోలేదు.

మాది నందికొట్కూరు సంతకు ఎడ్లబండి మీద ఒక పూట పట్టేంత దూరంలో ఉన్న మెట్ట పల్లె. వాన వస్తే కొర్ర, జొన్న, చెనిక్కాయ. రాకపోతే ఏమీ లేదు. ఎండాకాలంలో పొద్దున తొమ్మిదికే వాకిటి బండలు కాలి, పిల్లలం నీడ నుంచి నీడకు ఎగిరి దూకుతూ బడికి పోయేవాళ్ళం. మొదటి వాన పడగానే ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు మఖమలు ముక్కల్లా పాకేవి, వాటిని అగ్గిపెట్టెల్లో పెట్టుకుని ఎవరి పురుగు పెద్దదో పోటీ పెట్టుకునేవాళ్ళం. శ్రావణం వచ్చేసరికి జొన్న మోకాలెత్తు లేచేది, నాగుల పంచమికి ప్రతి వేపచెట్టుకూ ఒక ఉయ్యాల వేలాడేది. పుట్టకు పాలు పోసి వచ్చాక మా అవ్వ రోట్లో నూగులూ బెల్లమూ వేసి చిమ్మిలి దంచేది. మూకుట్లో జొన్నపేలాలు టపటపమని ఎగిరి పొయ్యి చుట్టూ పడేవి, అవి ఏరుకుని తినడానికి నేనూ కోళ్ళూ పోటీ పడేవాళ్ళం. చిమ్మిలి ఉండలు లెక్కపెట్టి ఉట్టిలో పెట్టడం అవ్వ అలవాటు, ఆ లెక్క తప్పించడం నా అలవాటు. ఎవరు తిన్నారే అని అడిగితే పిల్లి మీద చెప్పేదాన్ని. పిల్లి చిమ్మిలి తింటుందా అని అవ్వ అడిగేది. మన పిల్లి తింటుంది అవ్వా అని కళ్ళార్పకుండా చెప్పేదాన్ని. చేసింది ఒప్పుకునే గుణం నాకు మొదటినుంచీ లేదు.

మా ఇంటి సేద్యంలో ఒక పద్ధతి ఉండేది. తీతువ పిట్ట గూడు కట్టదు, చేలో గులకరాళ్ళ మధ్య వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. విత్తనాల గొర్రు తోలేటప్పుడు ఆ గుడ్లు కంటబడితే చిన్నాయన ఎద్దులను నిలిపేవాడు. గట్టు మీద నుంచి మూడు తెల్లని పలుగురాళ్ళు తెచ్చి గుడ్ల చుట్టూ పెట్టి, ఒక తంగేడు కొమ్మ విరిచి పక్కన గుచ్చి, ఎద్దులను మళ్ళించి తోలేవాడు. ఆ రవంత చోటు విత్తనం పడక బోడిగా మిగిలిపోయేది. దాన్ని మా ఇంట్లో పిట్ట వాటా అనేవాళ్ళు. "దాని వాటా దానికిడిస్తే మన వాటా మనకొస్తాది" అనేవాడు చిన్నాయన. తీతువ కూడా మనుషుల మధ్య మసలిన పిట్ట, ఎద్దులు పది బారలు దాటాయో లేదో కేకలు పెట్టుకుంటూ వచ్చి రాళ్ళ మధ్యలో కూర్చునేది. ఆ రాళ్ళు తెచ్చే పని నాది. అల్లంత దూరానికి కనబడే తెల్లరాయి ఏదో, మట్టిలో కలిసిపోయే రాయి ఏదో ఏడేళ్ళకే నాకు బాగా తెలుసు.

ఊరికి రెండు కోసుల దూరంలో పెద్ద కసువు బీడు ఉండేది. చెట్లు తక్కువ, కసువే అడవి. ఆ బీట్లో బట్టమేక పిట్టలు ఉండేవి. చూడనివాళ్ళకు చెప్పాలంటే కష్టం. మేకపిల్లంత ఎత్తు, తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటి టోపీ, నడక మాత్రం పెళ్ళికి వచ్చిన వియ్యంకుడి నడక. మగపిట్ట మెడ సంచి ఉబ్బించి కూస్తే ఎక్కడో దూరంగా ఎద్దు రంకె వేసినట్టు ఉండేది. అలాంటి పిట్ట దేశంలోనే అరుదని తెలిసి సర్కారు ఆ బీటికి కంచె వేసి, కాపలాకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలుగురిని పెట్టుకుంది. అందులో మా చిన్నాయన ఒకడు. ఖాకీ చొక్కా ఇచ్చారు. దాన్ని ఆయన రాత్రి ఉతికి పొద్దున తొడుక్కునేవాడు. మూడెకరాల మెట్ట ఉన్న మనిషికి ఆ చొక్కాతో ఊళ్ళో ఒక మర్యాద వచ్చింది. దానికన్నా, ఆ పని ఆయనకు ఇష్టం. పిట్ట ఎక్కడ మేసింది, ఎక్కడ పడుకుంది అని ఇంట్లో అందరికీ చెప్పేవాడు, అందరూ నిద్రపోయాక నాకు చెప్పేవాడు.

ఆ సంవత్సరం నాగుల పంచమి మరునాడు పలకా సంచీ తగిలించుకుని బడికి పోతే తలుపుకు బీగం ఉంది. పండగకు అత్తగారి ఊరికి పోయిన అయ్యవారు తిరిగి రాలేదు. అమ్మా నాయనా అప్పటికే చెనిక్కాయ చేలో కలుపుకు పోయారు. ఏం చెయ్యాలో తోచక బడి అరుగు మీద కాళ్ళాడిస్తూ కూర్చుని ఉంటే, సద్దిమూట కర్రకు తగిలించుకుని చిన్నాయన ఎదురయ్యాడు.

"ఏం పాపా, బడి ల్యా?"

"బీగం వేసినారు చిన్నాయనా."

"అట్లయితే నాతోపాటు బీటికి వస్తావా? నడవల్ల మల్ల. ఎత్తుకోమంటే ఎత్తుకోను."

పలక అవ్వ చేతిలో పడేసి, మిగిలిన పేలాలూ రెండు చిమ్మిలి ఉండలూ మూట కట్టుకుని పరిగెత్తాను. అవ్వ పండగకని రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు పువ్వుల్లా కట్టింది, అవి భుజాల మీద ఎగురుతున్నాయి. దారి పొడుగునా అచ్చనగండ్లు ఆడుకోవడానికని తెల్లటి పలుగురాళ్ళు ఏరుకుంటూ పోయాను. ఆటకు కావలసింది చిన్నవే అయినా, మెరిసే పెద్దవాటిని వదలబుద్ధి కాక పిడికెడేసి ఉన్నవి కూడా లంగా ఒడిలో వేసుకున్నాను. బరువుకు లంగా జారుతుంటే చిన్నాయన నవ్వి నడుముకు తన తువ్వాలు బిగించి కట్టాడు.

కంచె దాటి కసువులోకి అడుగు పెట్టగానే లోకం మారిపోయింది. రాత్రి పడిన జల్లుకు కసువు తడిసి ఉంది, మోకాళ్ళ దాకా చల్లగా తగులుతోంది, అడుగు తీసి అడుగు వేస్తే బోదకసువు నలిగి వాసన లేస్తోంది. కాళ్ళ ముందు నుంచి పూరేడు పిట్టలు బుర్రుమని లేచి అవతల పడుతున్నాయి. దూరంగా ఓర్వకల్లు రాళ్ళగుట్టలు నీలంగా కనిపిస్తున్నాయి. తడిమట్టిలో కుక్క పాదాల్లాంటి గుర్తులు చూపించి ఇవి తోడేలువి అన్నాడు చిన్నాయన. నేను ఆయన పంచె పట్టుకున్నాను. రాత్రి పోయిందిలే, ఇప్పుడు నిద్రపోతా ఉంటుంది అన్నాడు. నేలకు మొగం ఆనించి చూస్తే కసువు వేళ్ళ మధ్య చీమలదారి, పచ్చపురుగు, ఎవరో అల్లినట్టు సాలెగూడు, దాని మీద మంచుబొట్లు. అంతవరకూ నా లెక్కలో బీడంటే ఏమీ పండని నేల.

అక్కడే ఆయన నాకు నడక నేర్పించాడు. బట్టమేక కంటికి నూరు బారల దూరంలో మనిషి ఉన్నా తెలిసిపోతుందట. దాని వైపు నేరుగా నడిచామా, లేచిపోతుంది. "దానికల్లా సూడాకు. మనకేదో వేరే పనుండాదని అది అనుకోవల్ల" అన్నాడు, అటు వైపు చూడకుండానే. కింద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నవాడిలా తల వంచి, అడ్డంగా కొంతదూరం పోయి, ఆగి, మళ్ళీ ఇటు మళ్ళి, అలా అలా దగ్గరయ్యేవాడు. నేను ఆయన వెనకాలే నవ్వు ఆపుకుంటూ అలాగే నడిచాను. ఒక చిన్న తుమ్మచెట్టు దగ్గర ఆపి, కొమ్మల సందులోంచి చూపించాడు. కసువులో తెల్లటి మెడ ఒకటి కర్రలా నిలబడి ఉంది. గుడ్డు మీద కూర్చుంది, సంవత్సరానికి ఒకటే పెడుతుంది, ఈ పక్క బీట్లో ఈసారి ఇదొక్కటే అని చెవిలో చెప్పాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

ఇంతలో కంచె వైపు నుంచి గొర్రెల అరుపులు వినబడ్డాయి. కంచెలో ఎక్కడో సందు పడి మంద లోపలికి వచ్చేసింది. చిన్నాయన కర్ర అందుకున్నాడు. "ఈడే కూచో. నేనొచ్చేదాంక లేవాకు, దాని దగ్గరికి పోవాకు" అని రెండుసార్లు చెప్పి పోయాడు. రెండుసార్లు చెప్పాడు, నాకు బాగా గుర్తుంది. కాసేపటికి పిట్ట లేచి మేతకు అటు పక్క పల్లంలోకి నడిచిపోయింది. గొర్రెల అరుపులు మాత్రం దగ్గరవుతున్నట్టు అనిపించింది. మంద ఇటే వస్తే గుడ్డును తొక్కేస్తుందని నాకు భయమేసింది. తొక్కకుండా ఏం చెయ్యాలో మా ఇంట్లో పుట్టిన పిల్లకు ఒకరు చెప్పాలా? తుమ్మచెట్టు వదిలి పరిగెత్తాను. గుడ్డు నా పిడికిలి కన్నా పెద్దది, ఆకుపచ్చా మట్టిరంగూ కలిసి, మచ్చలు మచ్చలుగా, పక్కనే నిలబడి చూసినా కనబడనట్టు ఉంది. ఒడిలోంచి అన్నిటికన్నా తెల్లటి రాళ్ళు మూడు తీసి చుట్టూ పెట్టాను. తంగేడు కొమ్మ విరిచి గుచ్చాను. గొర్రెలు కాసేవాడికి ఇంకా బాగా కనబడాలని కుడి జడ రిబ్బను విప్పి కొమ్మకు కట్టాను. గాలికి అది రెపరెపలాడితే చూసి మురిసిపోయాను. చిన్నాయన వచ్చి మెచ్చుకుంటాడని, అప్పటిదాకా చెప్పకూడదని అనుకుని తిరిగివచ్చి చెట్టు కింద ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

గొర్రెలు ఆ పక్కకు రానే లేదు. పిట్ట వచ్చింది. నడుచుకుంటూ వస్తున్నదల్లా యాభై బారల దూరంలో ఆగిపోయింది. మెడ సాచి ఎర్రరిబ్బను వైపు చూసింది. నాలుగడుగులు వేసింది, వెనక్కి పోయింది. చుట్టూ తిరిగి ఇంకో పక్క నుంచి వచ్చింది, మళ్ళీ ఆగింది. తీతువ అయితే ఈపాటికి కూర్చునేది కదా అనుకున్నాను. పొద్దు నెత్తి మీదికి వస్తోంది, మబ్బు విడిపోయింది, గుడ్డు ఎండలో ఉంది. పిట్ట రాళ్ళకూ రిబ్బనుకూ బెదురుతోందని నాకు అప్పుడే అర్థమైంది. పదేళ్ళ పిల్లకు అంత మాత్రం తెలుస్తుంది. లేచి పోయి తీసేయొచ్చు. కానీ లేవవద్దన్నాడు కదా, లేచానని తెలిస్తే తిడతాడేమో, మళ్ళీ ఎప్పుడూ వెంట తీసుకురాడేమో అని అక్కడే కూర్చుండిపోయాను.

చిన్నాయన చెమటలు కక్కుతూ వచ్చాడు. సద్దిమూట విప్పాడు. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, పచ్చి ఎర్రగడ్డ. రొట్టె తుంచుతూ తుంచుతూ కొమ్మల్లోంచి చూసి ఆగాడు. ఆయన కూర్చున్న చోటికి కసువు అడ్డమై, నిలబడిన పిట్ట మెడ తప్ప రిబ్బను కనబడలేదు.

"ఏంటికి అది కూచోకుండా నిలబడుకోని ఉండాది?" అన్నాడు. నా వైపు తిరిగి, "ఏమన్నా వచ్చినాదా పాపా ఈ పక్కకు?" అని అడిగాడు.

నోట్లో రొట్టె ఉంది. రిబ్బను లేని జడను వీపు వెనక్కి తోసి, ల్యా అన్నట్టు తల ఊపాను.

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రాళ్ళు తీసేసి వచ్చేవాడు, పిట్ట కూర్చునేది, మహా అయితే నాకు రెండు దెబ్బలు పడేవి. గొర్రెల సద్దుకు బెదిరి ఉంటుంది, మనం కూడా దూరంగా పోతే కూర్చుంటుంది అని ఆయన తేల్చుకున్నాడు. నన్ను బీటికి అవతలి కొసకు తీసుకుపోయాడు.

నన్ను ఇప్పటికీ కాల్చే సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం నా చిన్నతనంలోకెల్లా అందమైన సాయంత్రం. వంక దాటుతుంటే నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. కలేపొదల్లో చివరి పండ్లు నల్లగా మిగిలి ఉంటే కోసుకుని తిని నాలుకలు చాపి ఒకరికొకరం చూపించుకున్నాం. జింకల మంద ఒకటి మమ్మల్ని చూసి, ఎవరో ఒకటీ రెండూ మూడూ అన్నట్టు ఒకేసారి గాల్లోకి లేచింది. కుంట గట్టు మీద కూర్చుని చిమ్మిలి తిన్నాం. చిన్నాయన చేతులు దోసిలి చేసి బట్టమేకలా కూసి చూపిస్తే, కుంటలో కప్పలు ఒక్క క్షణం ఆగిపోయాయి. నేను పడీపడీ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, తేలు కుట్టిన దొంగలా. చెప్పు చెప్పు అని లోపల ఒకటి అంటోంది. ఇంకాసేపాగి చెప్తాలే అని ఇంకొకటి అంటోంది. ఆ రెండో దాని మాటే ఎప్పుడూ వింటాను నేను.

పొద్దు వాలాక తుమ్మచెట్టు దగ్గరికి వచ్చాం. పిట్ట లేదు. చిన్నాయన ఈసారి అడ్డంగా నడవలేదు, నేరుగా పోయాడు. నేను వెనకాల నిలబడ్డాను. మూడు రాళ్ళూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మధ్యలో పెంకులు, తడి మరక, దాని మీద చీమలు. కాకో ముంగిసో పని ముగించి పోయింది. తెల్లరాళ్ళు, ఎర్ర జెండా, ఇక్కడుంది రండి అని నేనే పిలిచినట్టు ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత కొమ్మకున్న రిబ్బను ముడి విప్పి, మడిచి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా విడిపోయిన జడ వైపు ఒకసారి చూశాడు. నేను నేల చూశాను.

ఊరు కనబడే చోట కల్వర్టు మీద నన్ను కూర్చోబెట్టి, జేబులోంచి రిబ్బను తీసి, మొరటు వేళ్ళతో జడ అల్లి కట్టాడు. పువ్వులా కట్టడం రాలేదు, గొడ్డు మెడకు పలుపు ముడేసినట్టు ముడేశాడు. "అమ్మ అడుగుతాది" అన్నాడు. అంతే.

రెండు రోజుల తర్వాత అటవీశాఖ సారు జీపులో వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఆ పిట్టల కోసం తిండి మానేసి తిరిగే మనిషి. మా వాకిట్లోనే నిలబడి, రాళ్ళెవరు పెట్టారు లింగప్పా అని అడిగాడు. నేను తలుపు వెనకాల ఉన్నాను. "నేనే పెట్టినా సార్. గొర్లు తొక్కుతాయేమోనని. మా సేండ్లల్లో అట్లే పెడతాము" అన్నాడు చిన్నాయన. నీకు తెలియకపోవడమేంటప్పా అని సారు తల పట్టుకున్నాడు. నాలుగడుగులు వేస్తే బయటికి వచ్చి నేను అనొచ్చు. తలుపు గొళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను, దాని చల్లదనం ఇప్పటికీ అరచేతిలో ఉంది. మరునాడు అవ్వ ఖాకీ చొక్కా ఉతికి మడత పెట్టి ఇచ్చింది, చిన్నాయన దాన్ని తీసుకుపోయి అప్పజెప్పి వచ్చాడు. ఎవరి ముందూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తర్వాతి ఏడాది వానల్లేవు. చేను పడావు పడింది, చిన్నాయన నాపరాళ్ళ గనికి కూలికి పోయాడు. రెండేళ్ళు తిరిగేలోపు సుత్తి దెబ్బకు ఎగిరిన రాతిపెచ్చు ఎడమ కంట్లో తగిలింది. ఆ కబురు వచ్చిన రోజు అమ్మా అవ్వా వాకిట్లో ఏడుస్తుంటే నేను పెరట్లో గడ్డివామి వెనక్కి పోయి దాక్కున్నాను. రాయి పెట్టిన చెయ్యి నాది, రాయి తగిలిన కన్ను ఆయనది. ఈ లెక్క తప్పని, వాన పడకపోవడం నా తప్పు కాదని చదువుకున్న బుద్ధి చెబుతూనే ఉంటుంది. చదువుకున్న బుద్ధి పగలు బాగా పనిచేస్తుంది.

మొన్న చివరి పరీక్ష అయ్యాక డాక్టరమ్మ ఇక చుక్కలు అక్కర్లేదంది. నల్లద్దాలు పెట్టుకుని కారులో నా పక్కన కూర్చున్న చిన్నాయన, దారిలో పోయే ఆటోల మీది రాతలు గట్టిగా చదువుకుంటూ మురిసిపోతున్నాడు. ఉన్నట్టుండి, "పాపా, బీటికి పోదామా? కన్నొచ్చినాక దాన్ని సూడల్యా గదా" అన్నాడు. నేను ఏదో సాకు చెప్పబోయాను. అప్పటికే నా చేతులు స్టీరింగు తిప్పేశాయి.

దారి పొడుగునా మెట్ట చేలు లేవు. కాలువ నీళ్ళు వచ్చాయి, కొర్ర పోయి మిరపా మొక్కజొన్నా వచ్చాయి, గొర్రు పోయి ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి తీతువ గుడ్లు కనబడవు, ఆగి రాళ్ళు పెట్టే తీరికా ఉండదు. పిట్ట వాటా అనే మాట మా పిల్లలకు తెలియదు. బీటి మీదుగా పెద్ద పెద్ద కరెంటు తీగలు పోతున్నాయి. కసువు మాత్రం అలాగే ఉంది. బట్టమేక కనిపించి చాలా ఏళ్ళయిందని కంచె దగ్గర కాపలా మనిషి చెప్పాడు. కాలువ వల్ల, తీగల వల్ల, కుక్కల వల్ల అని వేళ్ళు మడిచాడు. నేను మనసులో మొదటి వేలు నాకోసం మడిచాను.

చిన్నాయన కసువులోకి చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు కాకపోతే ఇక లేదని నాకు తెలిసిపోయింది.

"చిన్నాయనా, ఆ రాళ్లు..."

"అదెందుకు పాపా ఇప్పుడు" అన్నాడు తల తిప్పకుండా. "రాళ్లు పెట్టేది నీకు నేర్పిచ్చింది నేనే గదా. తీతువకు సరిపోయేది దీనికి సరిపోదని సెప్పల్యా నేను. పసిబిడ్డ, దానికేం తెలుసు. తప్పు నాదని సారుకు సెప్పింది అబద్దం గాదు."

నలభై ఏళ్ళు ఆయన మోసింది ఇదా. నా తప్పును తన తప్పు చేసుకుని, దాని మీదనే నన్ను పాపా అని పిలుస్తున్నాడు. ఊరుకుంటే ఈ క్షమ నాకు ఉచితంగా మిగిలిపోతుంది. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన విద్యే.

"అది గాదు చిన్నాయనా. నాకు మద్దేనమే తెలుసు. పిట్ట రాళ్లకు బెదురుతాందని సూసినా. నువ్వు అడిగినావు. నేను ల్యా అని తల ఊపినా. ఇద్దరం కలేపండ్లు తింటా ఉన్నప్పుడు గూడా తెలుసు నాకు."

ఆయన నల్లద్దాలు తీశాడు.

"మద్దేనమే తెలుసా?"

"తెలుసు."

నా ముఖం కేసి కుడికంటితో చూశాడు, కొత్తగా వచ్చిన చూపుతో బాగా కనబడే దూరంలోనే ఉన్నాను. తర్వాత నన్ను దాటి కంచె సందులోంచి కసువులోకి నడిచిపోయాడు. ఆ వీపు చిన్నదై చిన్నదై తుమ్మచెట్ల వరకూ పోయింది. పిలుద్దామనుకున్నాను. ఏమని పిలవాలి? కంచె రాయి పట్టుకుని నిలబడ్డాను. ఇకముందు చుక్కలు వేసే పని కూడా లేదు, ఊరికి పోతానంటాడు, మళ్ళీ మా గడప తొక్కడు అనుకున్నాను. తొక్కకపోవడమే న్యాయమని కూడా అనుకున్నాను. గాలి ఇటు వీచినప్పుడల్లా ఆయన కాళ్ళ కింద నలిగిన బోదకసువు వాసన వస్తోంది.

చాలాసేపటికి ఆయన వెనక్కి తిరగడం కనిపించింది. ఆ బీట్లో ఇప్పుడు మనిషి జాగ్రత్తగా నడవాల్సిన పిట్ట ఒక్కటి కూడా లేదు. ఎటైనా నడవొచ్చు, ఎంత గట్టిగానైనా నడవొచ్చు. చిన్నాయన మాత్రం నేరుగా రాలేదు. నాకల్లా చూడలేదు. కింద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నవాడిలా తల వంచి, అడ్డంగా కొంతదూరం పోయి, ఆగి, ఒక కసువు పరక తుంచి, మళ్ళీ ఇటు మళ్ళి, వేరే పనేదో ఉన్నట్టు మెల్లమెల్లగా నా వైపు వస్తున్నాడు.

నేను కదలకుండా నిలబడ్డాను.